రువాండా, 1994: జాతిహననం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికాలోని రువాండాలో 1994 ఏప్రిల్ 7న మొదలై వంద రోజుల పాటు, హుటూ అతివాదుల ప్రభుత్వం టుట్సీలనే సమూహాన్ని లక్షల్లో చంపించింది. ఏటా ఆ తేదీ దగ్గరపడేసరికి రువాండా గురించి అవే సందేహాలు తిరిగి వస్తాయి. అది తెగల కొట్లాటే కదా అని కొందరు, పాపం ప్రపంచానికి సమయానికి తెలియలేదేమో అని ఇంకొందరు. రెండూ తప్పే. అది ప్రభుత్వ యంత్రాంగం జాబితాలు, కార్డులు, రోడ్ల మీద కాపలా అడ్డులతో నడిపించిన పని. బయటి దేశాలు తెలిసి తెలిసి దూరం జరిగాయి. తరచూ ఎదురయ్యే ప్రశ్నల్ని దశలవారీగా పెట్టి, ఒక్కోదానికి అక్కడికక్కడే జవాబు రాశాం. మీకు కావలసిన దగ్గర మొదలుపెట్టండి.

## మాటలు, చట్టం

మారణహోమం, నరమేధం, ఊచకోత, జాతిహననం... అన్నీ ఒకటే కదా?

పత్రికల్లో ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు గానీ, ఒకటి కావు. మొదటి మూడు మాటలూ జనాన్ని పెద్ద సంఖ్యలో చంపారని చెబుతాయి, ఎందుకు చంపారో చెప్పవు. జాతిహననం చట్టం మాట. జాతి నిర్మూలన అని కూడా రాస్తారు. దీని ఇంగ్లిష్ పదాన్ని పోలండ్‌కు చెందిన యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ 1944లో పుట్టించాడు. 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఒప్పందం దానికి నిర్వచనం ఇచ్చింది. ఒక దేశీయత, తెగ, జాతి లేదా మతానికి చెందిన సమూహాన్ని, ఆ సమూహం అయినందుకే, పూర్తిగా గానీ కొంత గానీ నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. ఆ ఉద్దేశంతో ఐదు పనుల్లో ఏది చేసినా నేరమే: చంపడం, శరీరానికో మనసుకో తీవ్రమైన హాని చేయడం, బతకలేని పరిస్థితుల్లోకి నెట్టడం, పిల్లలు పుట్టకుండా చేయడం, పిల్లల్ని బలవంతంగా వేరే సమూహానికి అప్పగించడం.

రాజకీయ పార్టీలు, ఆర్థిక వర్గాలు ఈ నిర్వచనంలోకి రావు. తెలుగులో 'జాతి' అన్న మాటను దేశానికీ, తెగకూ, పశువుల రకానికీ కూడా వాడతాం కాబట్టి మన దగ్గర గందరగోళం ఇంకాస్త ఎక్కువ.

ఎంతమంది చనిపోతే జాతిహననం అంటారు?

అంకె ఏదీ లేదు. 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో సుమారు 8,000 మంది పురుషుల్ని, మగపిల్లల్ని చంపారు. అంతర్జాతీయ కోర్టులు దాన్ని జాతిహననమనే తేల్చాయి. అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మంది పోయిన యుద్ధాలకు ఆ పేరు రాలేదు.

కోర్టులో నిరూపించాల్సింది ఉద్దేశం, కష్టమూ అక్కడే. లిఖితపూర్వక ఆజ్ఞ దొరకడం అరుదు. అందుకని చుట్టూ ఉన్న ఆనవాళ్లు చూస్తారు: నాయకుల ప్రసంగాలు, మనుషుల్ని ఎంచిన పద్ధతి, పసిపిల్లల్ని, గర్భిణుల్ని కూడా వదలకపోవడం, దూరదూరంగా ఉన్న ఊళ్లలో ఒకే తీరున జరగడం.

భారతదేశం ఆ ఒప్పందంలో ఉందా? మన చట్టంలో దీనికి సెక్షన్ ఉందా?

ఒప్పందంలో ఉంది. 1959 ఆగస్టు 27న ధ్రువీకరించింది. సెక్షన్ మాత్రం లేదు. 1984 నాటి సిక్కుల ఊచకోత కేసులో 2018 డిసెంబర్ 17న తీర్పు ఇస్తూ, జాతిహననం గానీ మానవాళిపై నేరాలు గానీ మన దేశ చట్టంలో నేరాలుగా లేవని, ఈ లోటు వెంటనే సరిచేయాలని ఢిల్లీ హైకోర్టు రాసింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది చేరలేదు. అలాంటి ఘటన జరిగితే హత్య, అల్లర్లు, కుట్ర సెక్షన్ల కిందే విచారించాలి.

## వెనకటి చరిత్ర

హుటూలు, టుట్సీలు వేర్వేరు తెగలా? చూస్తే తెలిసిపోతుందా?

భాష ఒకటే, కిన్యారువాండా. ఎక్కువమంది క్రైస్తవులే. ఒకే కొండ మీద పక్కపక్క ఇళ్లు, ఇద్దరిలోనూ అవే వంశాలు, ఒకరింటి పిల్లను ఒకరు చేసుకోవడం. వలసపాలనకు ముందు టుట్సీ అంటే పశువులున్నవాడు, రాజు కొలువుకు దగ్గరివాడు. హుటూ అంటే సేద్యం చేసుకునేవాడు. త్వా అనే మూడో సమూహం జనాభాలో ఒక శాతం దాకా ఉంటుంది. పెత్తనం టుట్సీ పెద్దలదే అన్నది నిజమే. కాకపోతే అప్పట్లో ఆ గీత కాస్త అటూ ఇటూ కదిలేది. పొడుగ్గా, సన్నముక్కుతో ఉంటే టుట్సీ అన్న మూసను యూరప్ వాళ్లు కొలతలు తీసి మరీ బలపరిచారు. 1994లో కాపలా అడ్డుల దగ్గర ఆ మూసను నమ్మి, పొడుగ్గా ఉన్న పాపానికి హుటూలను కూడా చంపారు.

గుర్తింపు కార్డులో అసలు ఏం రాసి ఉండేది?

మధ్యకు మడిచే చిన్న కార్డు. లోపల ఫొటో. 'ఉబ్వోకో' అన్న మాట దగ్గర నాలుగు పదాలు అచ్చయి ఉండేవి: హుటూ, టుట్సీ, త్వా, పౌరసత్వం పొందినవారు. మీవి కాని మూడింటినీ గుమస్తా కలంతో కొట్టేసేవాడు. కొట్టేయకుండా మిగిలిన మాటే మీరు. అంతకుముందు ఆ 'ఉబ్వోకో'కు వంశం అని అర్థం. అందులో హుటూలూ, టుట్సీలూ కలిసే ఉండేవారు.

దీన్ని తెచ్చింది బెల్జియం, 1930లలో. పది ఆవులుంటే టుట్సీ అని రాశారన్న కథ బాగా ప్రచారంలో ఉంది గానీ, ప్రధానంగా ఎవరికి వారు చెప్పిందే నమోదు చేసుకున్నారు. అప్పటి నుంచి తండ్రిది ఏదైతే బిడ్డలకూ అదే. కదిలే గీత అక్కడితో బిగుసుకుపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కార్డు పోలేదు. ఆ మాటను తీసేస్తామని 1990లో అధ్యక్షుడు ప్రకటించినా అమలు కాలేదు. నాలుగేళ్ల తర్వాత రోడ్డు మీద ఆపి ఆ మడత విప్పి చూశారు. కార్డు లేదంటే అదే నేరం అయింది.

వందల ఏళ్ల నాటి పగ కాదా ఇది?

కాదు. హుటూలు, టుట్సీలు అన్న పేరు మీద దేశమంతా జరిగిన హింస 1959 నవంబర్‌లో మొదలైంది. దాదాపు నలభై ఏళ్లు టుట్సీ పెద్దల చేతే పాలన నడిపించిన బెల్జియం, వాళ్లు స్వాతంత్ర్యం అడగడం మొదలుపెట్టాక హుటూ పార్టీల వైపు తిరిగింది. ఇళ్లు తగలబడ్డాయి, టుట్సీలు లక్షల్లో ఉగాండా, బురుండీ, కాంగో, టాంజానియాలకు పారిపోయారు. 1962 జూలై 1న స్వాతంత్ర్యం వచ్చింది. శరణార్థుల దాడులు జరిగినప్పుడల్లా దేశంలో మిగిలిన టుట్సీలపై ప్రతీకారం తీర్చుకునేవారు. 1963 డిసెంబర్‌లో గికొంగోరోలో జరిగింది అదే. ఆ హత్యలకు చెప్పుకోదగ్గ శిక్ష ఎవరికీ పడలేదు. చంపితే ఏమీ కాదన్న పాఠం మూడు దశాబ్దాలు నిలిచిపోయింది. 'పురాతన పగ' అని చెప్పుకుంటే ఎవరి బాధ్యతా ఉండదు, ఆ మాట అంతగా చెల్లుబాటు కావడానికి కారణం కూడా అదే.

మరి 1990 నుంచి 1994 మధ్య ఏం జరిగింది?

నాలుగు ఒత్తిళ్లు ఒకేసారి వచ్చిపడ్డాయి. 1989లో ప్రపంచ మార్కెట్లో కాఫీ ధర పడిపోయి రైతు, ఖజానా రెండూ దెబ్బతిన్నాయి. 1990 అక్టోబర్ 1న ఉగాండాలోని శరణార్థుల బిడ్డలు రువాండా దేశభక్త కూటమి (ఆర్పీఎఫ్) పేరుతో సాయుధంగా దేశంలోకి వచ్చారు. 1991లో బహుళ పార్టీ విధానం వచ్చి, 1973 నుంచి పాలిస్తున్న జువెనాల్ హబ్యారిమనా వర్గానికి పట్టు సడలింది. 1993 ఆగస్టు 4న టాంజానియాలోని అరూషాలో కుదిరిన శాంతి ఒప్పందం ప్రకారం పదవులూ సైన్యమూ ఆర్పీఎఫ్‌తో పంచుకోవాలి. ఆ పంపకంలో పోగొట్టుకునేది ఎక్కువగా అధ్యక్షుడి చుట్టూ ఉన్న కొద్దిమందే.

ఇంతలో 1993 అక్టోబర్ 21న పక్కదేశం బురుండీలో టుట్సీ సైనికాధికారులు హుటూ అధ్యక్షుడు మెల్చియోర్ న్దదాయేను చంపారు. 'టుట్సీలతో అధికారం పంచుకుంటే గతి ఇదే' అని చెప్పడానికి అతివాదులకు ఇంతకన్నా పెద్ద ఆధారం అక్కర్లేకపోయింది.

## తయారీ

రేడియో విని జనం చంపేశారంటారు, నిజమేనా?

సగం నిజం. 1993 జూలైలో మొదలైన ఆర్టీఎల్‌ఎం ప్రైవేటు స్టేషన్. మంచి పాటలు, సరదా కబుర్లు, వీధి భాష. వాటి మధ్యనే టుట్సీలను 'ఇన్యెంజి', అంటే బొద్దింకలు, అనడం. హత్యలు మొదలయ్యాక పేర్లు, కార్ల నంబర్లు, ఎవరు ఎక్కడ దాక్కున్నారో కూడా చదివింది. ఆ స్టేషన్ ప్రముఖులకు, టుట్సీ వ్యతిరేక 'కంగూరా' పత్రిక సంపాదకుడికి, ఐరాస అరూషాలో పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2003 డిసెంబర్ 3న శిక్షలు వేసింది.

అయితే ఆ స్టేషన్ దేశమంతా అందేది కాదు. అందని ఊళ్లలోనూ చంపారు. దోషులుగా తేలినవారిలో చాలామంది చెప్పింది, తలుపు తట్టి పిలిచింది మనుషులేనని: సెక్టార్ అధికారి, పార్టీ కుర్రాళ్లు, పొరుగువాడు. రేడియో చేసిందల్లా చంపడం మామూలు సంగతిలా, పైవాళ్ల సమ్మతి ఉన్న సంగతిలా అనిపించేలా చేయడం.

అన్ని కత్తులు ఎక్కడి నుంచి వచ్చాయి?

రువాండాలో ప్రతి రైతు ఇంట్లోనూ పొడవాటి కొడవలి కత్తి ఉంటుంది, అరటి గెలలు కోయడానికీ కంపలు కొట్టడానికీ. దానికితోడు 1993 జనవరి నుంచి 1994 మార్చి వరకు 5,81,000 కత్తులు దిగుమతి అయ్యాయని హ్యూమన్ రైట్స్ వాచ్ లైసెన్సు కాగితాల నుంచి లెక్కగట్టింది. పెద్దవాళ్లయిన హుటూ మగవాళ్లలో ముగ్గురికి ఒకటి చొప్పున. వ్యవసాయానికి అంత అవసరం లేదు.

తుపాకుల సంగతి మర్చిపోకూడదు. చర్చిలో, స్కూల్లో వేలమంది గుమిగూడి రాళ్లతో ఎదుర్కొన్నప్పుడు ముందు సైనికులు, పోలీసులు గ్రెనేడ్లు వేసి చెదరగొట్టేవారు. కత్తుల వాళ్లు ఆ తర్వాత వచ్చేవారు.

ముందుగా ఎవరికైనా తెలిసిందా?

తెలిసింది, కాగితం మీద ఉంది. 1994 జనవరి 11న రాజధాని కిగాలీ నుంచి ఐరాస దళాల కమాండర్, కెనడా జనరల్ రోమియో డలేర్ న్యూయార్క్‌కు ఫ్యాక్స్ పంపాడు. అధ్యక్షుడి పార్టీ కుర్రాళ్ల సాయుధ దళమైన ఇంటరహామ్వే మిలీషియాకు శిక్షణ ఇచ్చే ఒక వ్యక్తి చెప్పిన విషయాలు అందులో ఉన్నాయి: 1,700 మందికి శిక్షణ పూర్తయి, 40 మంది చొప్పున నగరమంతా సర్దారు. కిగాలీలోని టుట్సీలందరి పేర్లు నమోదు చేయమని ఆజ్ఞ వచ్చింది. అది వాళ్లను చంపడానికేనని అతని అనుమానం. తన మనుషులు 20 నిమిషాల్లో 1,000 మందిని చంపగలరు. బెల్జియం సైనికుల్ని కొందరిని చంపితే బెల్జియం వెళ్లిపోతుందన్నది పథకం. ఆయుధాలు దాచిన చోటు చూపిస్తాను, నా కుటుంబాన్ని కాపాడండి అన్నాడు.

36 గంటల్లో ఆ ఆయుధాలు పట్టుకుంటానని డలేర్ రాశాడు. వద్దు, అది మీ అధికార పరిధిలో లేదు, ఈ సమాచారం అధ్యక్షుడు హబ్యారిమనాకు చెప్పండి అని న్యూయార్క్ జవాబిచ్చింది. అప్పుడు శాంతి పరిరక్షక విభాగం అధిపతి కోఫీ అన్నన్. మూడు నెలల్లో ఫ్యాక్స్‌లోని మాటలు దాదాపు వరస తప్పకుండా జరిగాయి.

## వంద రోజులు

అధ్యక్షుడి విమానం ఎవరు కూల్చారు?

1994 ఏప్రిల్ 6 రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో కిగాలీలో దిగబోతున్న విమానాన్ని క్షిపణులతో కూల్చారు. హబ్యారిమనాతోపాటు బురుండీ అధ్యక్షుడు సిప్రియన్ న్తర్యమిరా కూడా చనిపోయాడు. ఎవరి పని అన్నది ఏ కోర్టూ తేల్చలేదు. 2006లో ఫ్రాన్స్ న్యాయమూర్తి ఒకరు ఆర్పీఎఫ్ వైపు వేలు చూపారు. 2012లో ఫ్రెంచ్ నిపుణుల నివేదిక మాత్రం క్షిపణులు ప్రభుత్వ సైన్యపు కనోంబే శిబిరం ప్రాంతం నుంచి వచ్చాయని చెప్పింది. 2018లో అక్కడి కేసు మూసేశారు.

ఈ ప్రశ్న తేలితే అంతా తేలిపోతుందనుకోవడం పొరపాటు. పేర్ల జాబితాలు, శిక్షణ పొందిన మిలీషియా, దిగుమతైన కత్తులు విమానం కూలక ముందే ఉన్నాయి.

వంద రోజుల్లో అంతమందిని ఎలా చంపగలిగారు?

మొదటి రోజే అడ్డు చెప్పగలవాళ్లను తీసేశారు. ఏప్రిల్ 7 ఉదయం ప్రధాని అగాథే ఉవిలింగియిమనాను, రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్షుడు జోసెఫ్ కవరుగండాను చంపారు. ఇద్దరూ హుటూలే. ప్రధానికి కాపలాగా వెళ్లిన పదిమంది బెల్జియం సైనికులనూ చంపారు.

ఆ తర్వాత పాలన మెట్లు ఎప్పటిలాగే పనిచేశాయి: ప్రిఫెక్చర్, కమ్యూన్, సెక్టార్, సెల్, చివరికి పది ఇళ్లకు ఒక పెద్ద. రోడ్లు బాగుచేయడానికి, మొక్కలు నాటడానికి జనాన్ని పోగుచేసే 'ఉముగండా' పద్ధతి అప్పటికే ఉంది. అదే పిలుపుతో మనుషుల్ని కాపలాకు, సోదాలకు తీసుకెళ్లారు. చంపడాన్ని 'గుకోరా' అనేవారు, అంటే పనిచేయడం. రోడ్డుకు అడ్డంగా ఒక దుంగ, పక్కన నలుగురు కుర్రాళ్లు, చేతిలో బీరు సీసాలు. వచ్చేవాళ్ల కార్డు చూడటం. కిగాలీలో కొన్నిచోట్ల కొన్ని వందల గజాలకు ఒక అడ్డు ఉండేది. పల్లెల్లో కార్డు కూడా అక్కర్లేదు, ఎవరెవరో పొరుగువాళ్లకు తెలుసు.

చర్చిల్లోకి వెళ్లినవాళ్లు కూడా ఎందుకు బతకలేదు?

1959లో, 1963లో చర్చిలో దూరినవాళ్లు బతికారు. ఆ అనుభవంతోనే 1994లోనూ అక్కడికే పరుగెత్తారు. చాలాచోట్ల అధికారులే 'అక్కడికి వెళ్లండి, కాపలా పెడతాం' అని పంపారు. అందరూ ఒకచోట చేరాక నీళ్లు ఆపేసి, చుట్టుముట్టారు. న్యమాటా, న్తరామా, న్యరుబుయే చర్చిల్లో, మురాంబీలో కడుతూ ఉన్న సాంకేతిక పాఠశాలలో జరిగింది ఇదే. న్యంగేలో ఏప్రిల్ 16న లోపల జనం ఉండగానే చర్చిని బుల్డోజర్‌తో కూల్చారు. ఆ చర్చి ఫాదర్ అథనాస్ సెరొంబాకు ట్రిబ్యునల్ 2008లో యావజ్జీవం వేసింది.

మామూలు మనుషులు పొరుగువాణ్ని ఎలా చంపారు? హుటూలంతా పాల్గొన్నారా?

అంతా కాదు. ఒక పరిశోధన అంచనా ప్రకారం చంపినవాళ్లు 1.75 లక్షల నుంచి 2.1 లక్షల మంది. చాలా పెద్ద సంఖ్యే గానీ, పెద్దవాళ్లయిన హుటూల్లో అది చిన్న భాగం. పాల్గొన్నవాళ్లలో యుద్ధ భయంతో వచ్చినవాళ్లున్నారు, గుంపు ఒత్తిడికి లొంగినవాళ్లున్నారు, పొరుగువాడి పొలం, పెంకులు, ఆవు దక్కుతాయని వచ్చినవాళ్లున్నారు. రామన్నవాళ్లు కొన్నిచోట్ల జరిమానా కట్టి తప్పుకోగలిగారు, కొన్నిచోట్ల వాళ్ల ప్రాణమే పోయింది.

బుటారే ప్రిఫెక్చర్‌ను చూస్తే విషయం అర్థమవుతుంది. అక్కడి ప్రిఫెక్ట్ జాన్ బాప్టిస్ట్ హబ్యాలిమనా, దేశంలో ఆ పదవిలో ఉన్న ఏకైక టుట్సీ. ఆయన ఉన్నన్నాళ్లూ పెద్ద ఎత్తున హత్యలు జరగనివ్వలేదు. దాదాపు రెండు వారాలు. ఆయన్ను పదవి నుంచి తీసేశారు. ఏప్రిల్ 19న తాత్కాలిక అధ్యక్షుడు థియొడోర్ సిందికుబ్వాబో స్వయంగా వచ్చి, 'పని' చేయనివాళ్లు తప్పుకోవాలన్న అర్థం వచ్చేలా ప్రసంగించాడు. హత్యలు వెంటనే మొదలయ్యాయి. హబ్యాలిమనాను కూడా చంపేశారు. ఒక జిల్లా అధికారి కుర్చీ అంత తేడా చేసింది.

మృతుల సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు ఉంటుంది?

హ్యూమన్ రైట్స్ వాచ్ కనీసం 5 లక్షలంది. ఐరాస 8 లక్షలు అని వాడింది. రువాండా ప్రభుత్వ లెక్క 10 లక్షలు దాటింది. తేడాకు మొదటి కారణం, 1991 జనాభా లెక్కల్లో టుట్సీలు సుమారు 8.4 శాతమే అని ఉండటం. భయంతో హుటూ అని రాయించుకున్నవాళ్లు ఎందరో తెలియదు. చనిపోయిన హుటూలను కలపాలా వద్దా అన్నది రెండోది. మూడోది, న్యబరోంగో, అకగెరా నదుల్లో పడేసిన శవాలు విక్టోరియా సరస్సుకు కొట్టుకుపోయాయి. ఉగాండా ఒడ్డున జాలర్లు వాటిని తీసి పాతిపెట్టారు. దేశంలోని టుట్సీల్లో సుమారు నాలుగింట మూడొంతుల మంది పోయారు. ఎక్కడైనా రాసేటప్పుడు సంఖ్యతోపాటు అది ఎవరి లెక్కో కూడా రాయండి.

## ప్రపంచం ఏం చేసింది

ఐరాస సైనికులు అక్కడే ఉన్నారుగా, ఎందుకు ఆపలేదు?

సుమారు 2,500 మంది ఉన్నారు. 1993 అక్టోబర్ 5 నాటి 872వ తీర్మానం వాళ్లకు అప్పగించింది శాంతి ఒప్పందం అమలును గమనించే పని. ఆత్మరక్షణకు తప్ప కాల్చకూడదు. మందుగుండు తక్కువ, కవచ వాహనాల్లో చాలావరకు కదలవు.

చేతిలో ఉన్నది కూడా వాడని సందర్భం కిగాలీలోని ఇటీఓ పాఠశాల. అక్కడ బెల్జియం సైనికుల రక్షణలో సుమారు 2,000 మంది తలదాచుకున్నారు. గేటు బయట మిలీషియా కాపు కాసింది. ఏప్రిల్ 11న, విదేశీయుల్ని తరలించాక, సైనికులకు వెళ్లిపొమ్మని ఆజ్ఞ వచ్చింది. లారీలకు జనం అడ్డం పడుకున్నారు. లారీలు వెళ్లిపోయాయి. అదే రోజు వాళ్లను న్యాంజా కొండకు నడిపించి చంపారు.

హత్యలు జరుగుతుంటే బలగాన్ని పెంచాల్సింది పోయి ఎందుకు తగ్గించారు?

పదిమంది సైనికుల్ని పోగొట్టుకున్న బెల్జియం వెళ్లిపోయింది. వెళ్లడమే కాక, మొత్తం దళాన్ని ఎత్తేయమని మిగతా దేశాలపై ఒత్తిడి తెచ్చింది. ఆరు నెలల ముందు సోమాలియాలోని మొగదిషులో 18 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ఆఫ్రికాలో మరో సాహసం వాషింగ్టన్‌కు వద్దు. 1994 ఏప్రిల్ 21న 912వ తీర్మానంతో భద్రతా మండలి ఏకగ్రీవంగా దళాన్ని 270కి కుదించింది. ఆ ఏడాది మండలిలో రువాండాకే ఒక సీటు ఉంది. అంటే చంపుతున్న ప్రభుత్వపు ప్రతినిధి అదే బల్ల దగ్గర కూర్చుని అంతా విన్నాడు.

మే 17న 918వ తీర్మానం 5,500 మందిని పంపుతామంది. సైనికుల్ని ఇచ్చేవాళ్లు లేరు, ఇస్తామన్న ఆఫ్రికా దేశాలకు సామగ్రి ఇచ్చేవాళ్లు లేరు. అమెరికా నుంచి అడిగిన సుమారు 50 కవచ వాహనాల మీద అద్దె ఎంత, రవాణా ఖర్చు ఎవరిది అంటూ వారాలు గడిచాయి. జూలై 25 నాటికి అక్కడున్నది 550 మంది.

అమెరికా 'జాతిహననం' అన్న మాటను ఎందుకు తప్పించింది?

1948 ఒప్పందంలో చేరిన దేశాలు ఈ నేరాన్ని 'నివారిస్తాం, శిక్షిస్తాం' అని మాటిచ్చాయి. ఆ పేరు పెడితే ఏదో ఒకటి చేయాలని సొంత దేశంలోనే జనం అడుగుతారన్నది అధికారుల భయం. అందుకని జూన్ 10న కూడా విదేశాంగ శాఖ ప్రతినిధి 'జాతిహనన చర్యలు జరిగి ఉండొచ్చు' అన్న దగ్గరే ఆగింది. అలాంటి చర్యలు ఎన్ని కలిస్తే జాతిహననం అవుతుందని ఒక విలేఖరి అడిగితే జవాబు రాలేదు.

సైన్యం పంపకుండానే చేయగలిగినవి ఉన్నాయి. ఆర్టీఎల్‌ఎం ప్రసారాన్ని గాలిలోంచే అడ్డుకోవచ్చా అని అడిగితే, మే 5న రక్షణ శాఖ లేఖ ఒకటి విమానానికి గంటకు సుమారు 8,500 డాలర్లు అవుతుందనీ, ప్రయోజనం లేదనీ తేల్చింది. ఇది సమాచారం లేక జరిగిన పొరపాటు కాదు. ఖర్చు చూసుకుని తీసుకున్న నిర్ణయం.

ఫ్రాన్స్ పాత్ర ఏమిటి?

హబ్యారిమనా ప్రభుత్వానికి ఆయుధాలు, శిక్షణ ఇచ్చింది. జూన్ 22న ఐరాస అనుమతితో సుమారు 2,500 మంది సైనికుల్ని పంపి నైరుతిలో రక్షిత ప్రాంతం ఏర్పాటు చేసింది. కొన్ని వేలమంది అందువల్ల బతికారు. అదే దారిలో హంతక నాయకులు జైర్‌కు (ఇప్పటి కాంగో) దాటిపోయారు. బిసెసెరో కొండల్లో దాగిన టుట్సీలను జూన్ 27న ఫ్రెంచ్ గస్తీ చూసి, మళ్లీ వస్తామని వెళ్లింది. జూన్ 30న గానీ రాలేదు. ఆ మూడు రోజుల్లో వందలమందిని చంపారు. 2021 మార్చిలో ఫ్రాన్స్ స్వయంగా వేసిన చరిత్రకారుల కమిషన్, తమ దేశానికి భారీ బాధ్యత ఉందని, హత్యల్లో భాగస్వామ్యానికి మాత్రం ఆధారం లేదని రాసింది.

ఎవరూ ఏమీ చేయలేదా?

చేసినవాళ్లున్నారు. తీర్మానం 270 అన్నా, ఘనా సైనికులు ఎక్కువమంది డలేర్ దగ్గర ఉండిపోయి స్టేడియంలో, ఆసుపత్రిలో వేలమందిని కాపాడారు. సెనెగల్ కెప్టెన్ ఎంబాయే దియాన్యే ప్రధాని పిల్లల్ని దాచి దాటించాడు. ఆ తర్వాత కారులో ఇద్దరిని ముగ్గురిని ఎక్కించుకుని, అడ్డుల దగ్గర సిగరెట్లు పంచి, నవ్వుతూ మాట్లాడి, వందలమందిని తప్పించాడు. మే 31న మోర్టార్ ముక్క తగిలి చనిపోయాడు. రెడ్‌క్రాస్ కిగాలీలో తన ఆసుపత్రిని చివరిదాకా మూయలేదు. భద్రతా మండలిలో న్యూజిలాండ్, చెక్ ప్రతినిధులు 'జాతిహననం' అన్న మాటను పలికించడానికి పట్టుబట్టారు.

## తర్వాత

చివరికి ఎలా ఆగింది?

ఆర్పీఎఫ్ సైనికంగా గెలవడంతో. జూలై 4న కిగాలీ, ఆ నెల మధ్యకు దేశంలో ఎక్కువ భాగం వాళ్ల చేతికి వచ్చాయి. జూలై 19న కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. బయటి దేశం ఏదీ ఆపలేదు.

శరణార్థి శిబిరాలకు సాయం చేయడాన్ని ఎందుకు తప్పుపడతారు?

ఓడిన ప్రభుత్వం తన జనాన్ని వెంటబెట్టుకుని పారిపోయింది. జూలై మధ్యలో కొద్ది రోజుల్లోనే జైర్‌లోని గోమాకు 8 లక్షలకు పైగా చేరారు. అక్కడ గట్టి లావా నేల, గుంట తవ్వలేరు, నీళ్లు లేవు. కలరా వచ్చి పదుల వేల సంఖ్యలో పోయారు. ప్రపంచం అప్పుడు కదిలింది. డబ్బు, విమానాలు, కెమెరాలు అన్నీ వచ్చాయి.

బియ్యం, మొక్కజొన్న పంచే జాబితాలు మాత్రం పాత బర్గొమేస్టర్ల (కమ్యూన్ అధికారుల), పాత సైనికుల చేతిలోనే ఉన్నాయి. ఎక్కువ మందిని చూపించి మిగిలింది అమ్ముకుని ఆయుధాలు కొన్నారు, ఇంటికి వెళ్తామన్నవాళ్లను చంపారు. అందుకే 1994 నవంబర్‌లో హద్దులు లేని వైద్యుల సంస్థ ఫ్రాన్స్ విభాగం అక్కడి నుంచి తప్పుకుంది. ఆ శిబిరాలను కూల్చే పేరుతోనే 1996లో కాంగో యుద్ధం మొదలైంది. తూర్పు కాంగో ఇప్పటికీ కుదుటపడలేదు.

ఆర్పీఎఫ్ కూడా చంపింది కదా, అప్పుడు రెండు వైపులా జాతిహననమే అనాలి కదా?

ఆర్పీఎఫ్ సైనికులు 1994లో రువాండాలోనూ, 1996 తర్వాత కాంగోలోనూ హుటూ పౌరుల్ని వేల సంఖ్యలో చంపారు. 2010 నాటి ఐరాస నివేదిక కాంగో ఘటనల్ని వివరంగా నమోదు చేసింది. వాటికి అరూషా ట్రిబ్యునల్లో ఒక్క కేసూ నడవలేదు. బాధితుల దృష్టిలో అది నిజమైన అన్యాయం, దాచాల్సింది కాదు.

కానీ ఆ నేరాలను చూపించి, టుట్సీలను తుడిచిపెట్టే ప్రయత్నం జరగలేదనో, రెండూ సమానమనో అనడం వేరు. నిరాకరణ వాదం సాధారణంగా ఆ దారినే వస్తుంది. రెండు విషయాలనూ వాటి వాటి ఆధారాలతో విడివిడిగా చెప్పాలి.

అరూషా ట్రిబ్యునల్ ఏం సాధించింది?

1994 నవంబర్ 8న భద్రతా మండలి ఏర్పాటు చేసింది. 93 మందిపై అభియోగాలు మోపి, 2015 చివర్లో మూతపడింది. తాబా కమ్యూన్ బర్గొమేస్టర్ జాన్ పాల్ అకయేసుకు 1998 సెప్టెంబర్ 2న వచ్చిన తీర్పు, జాతిహనన నేరంపై అంతర్జాతీయ కోర్టు ఇచ్చిన మొదటి తీర్పు. అత్యాచారం కూడా జాతిహననంలో భాగం కాగలదని మొదటిసారి చెప్పింది అదే. ఆ వంద రోజుల్లో లక్ష నుంచి రెండున్నర లక్షల మంది స్త్రీలపై అత్యాచారాలు జరిగాయని ఐరాస అంచనా. అకయేసుపై మొదటి అభియోగ పత్రంలో ఈ నేరం లేదు. సాక్షులు వేరే విషయం చెబుతూ చెబుతూ బయటపెట్టాక చేర్చారు.

అదే కేసులో ఒక చిక్కు వచ్చింది. భాష, సంస్కృతి ఒకటే అయినప్పుడు టుట్సీలు వేరే సమూహమని ఎలా అంటారు? ప్రభుత్వమే గుర్తింపు కార్డు మీద వేరు చేసి రాసిందన్నది న్యాయమూర్తులు చూపిన ఆధారాల్లో ఒకటి.

గచాచా కోర్టులంటే ఏమిటి? న్యాయం జరిగిందా?

జైళ్లలో లక్షకు పైగా జనం, న్యాయమూర్తుల్లో చాలామంది చనిపోయారు. మామూలు కోర్టుల్లో నడిపితే వందేళ్లయినా తెమలవు. అందుకని ఊరి తగవులు తీర్చే పాత పద్ధతిని చట్టంగా మార్చారు. సుమారు 12,000 కోర్టులు. ఊరివాళ్లు ఎన్నుకున్న పెద్దలే న్యాయమూర్తులు, వకీళ్లు ఉండరు, విచారణ పచ్చిక మీద అందరి ముందు. నేరం ఒప్పుకుని, ఎవరితో కలిసి చేశాడో, శవం ఎక్కడ పడేశాడో చెప్పినవాడికి శిక్ష తగ్గుతుంది, కొంత సమాజ సేవగా మారుతుంది. 2012 జూన్‌లో ముగిసేనాటికి దాదాపు 19 లక్షల కేసులు చూశాయి. ఎక్కువ భాగం ఆస్తి దోపిడీలే.

లాభం: చాలా కుటుంబాలకు తమవాళ్ల ఎముకలు దొరికాయి. నష్టం: పాత కక్షలతో అబద్ధపు ఫిర్యాదులు, సాక్షుల హత్యలు, తనను చెరిచినవాడి పేరు ఊరందరి ముందు చెప్పాల్సి వచ్చిన స్త్రీల వేదన. ఆర్పీఎఫ్ నేరాలు వీటి పరిధిలోకి రాలేదు.

తప్పు జరిగిందని దేశాలు ఒప్పుకున్నాయా?

1998 మార్చి 25న క్లింటన్ కిగాలీ విమానాశ్రయంలోనే కొన్ని గంటలు ఆగి, తగినంత త్వరగా స్పందించలేదని అన్నాడు. 1999 డిసెంబర్‌లో ఐరాస స్వతంత్ర విచారణ, వనరులూ పట్టుదలా రెండూ కొరవడ్డాయని తన సంస్థనే తప్పుపట్టింది. బెల్జియం ప్రధాని 2000లో క్షమాపణ చెప్పాడు. ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్రాన్ 2021 మే 27న బాధ్యత ఒప్పుకున్నాడు గానీ క్షమాపణ అన్న మాట వాడలేదు. 2005లో ఐరాస సభ్యదేశాలన్నీ 'రక్షించే బాధ్యత' సూత్రానికి ఒప్పుకున్నాయి. దాన్ని అమలు చేయాల్సింది మళ్లీ అదే భద్రతా మండలి, అదే వీటోలతో.

రువాండా వెళ్తున్నాం. స్మారకాలు చూడొచ్చా? ఎలా మసలుకోవాలి?

చూడొచ్చు. కిగాలీలోని గిసోజి స్మారకంలో 2,50,000 మందికి పైగా సమాధులున్నాయి, ముందు అక్కడికి వెళితే మిగతావి అర్థమవుతాయి. న్యమాటా, న్తరామా చర్చిలు కిగాలీ నుంచి ఒక్క పూటలో చూసి రాగలిగిన దూరం. మురాంబీ, బిసెసెరోలకు ఒక్కోదానికి రోజు పెట్టుకోండి. గిసోజి, న్యమాటా, మురాంబీ, బిసెసెరోలను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

న్యమాటా చర్చిలో బల్లల మీద చనిపోయినవాళ్ల బట్టలు కుప్పలుగా ఉంటాయి, మట్టిరంగుకు తిరిగి. పైన రేకుల కప్పులో గ్రెనేడ్ ముక్కలు చేసిన చిల్లుల్లోంచి వెలుతురు పడుతుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. చిన్నపిల్లల్ని తీసుకెళ్లకండి.

ఏప్రిల్ 7 నుంచి వారం రోజులు సంతాప వారం. వినోద కార్యక్రమాలు ఉండవు, ఆ రోజుల్లో పార్టీలు, పాటలు పెట్టుకోకండి. ఎవరినీ 'మీరు హుటూనా, టుట్సీనా' అని అడగొద్దు. కార్డుల నుంచి ఆ వరుసను తీసేశారు, బహిరంగంగా ఆ మాటలతో మనుషుల్ని విడదీసి మాట్లాడటం చట్టరీత్యా కూడా చిక్కు తెచ్చిపెట్టవచ్చు. మీ డ్రైవరో, గైడో తన కథ తానుగా చెబితే వినండి. చెప్పకపోతే అడగకండి.